లోపలికి పోని జింకు

మా ఇంటావిడ భాగ్యజ్యోతి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. క్లాసులయ్యాక మెట్ల కింద ఉన్న చిన్న గదిలో ఇనుము, సెలీనియం కలిపి కొలిమిలో కాలుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఎవరైనా “మీ మేడం దేని మీద పీహెచ్‌డీ చేస్తుండ్రు?” అని అడిగితే “ఇనుము మీద” అనేవాణ్ని. నేను బీదర్ బస్టాండులో కంట్రోలర్‌ని. పీయూసీ దగ్గర చదువు ఆపినవాణ్ని. అంతకుమించి చెప్పడం చేతనయ్యేది కాదు. ఆమె అన్నం తింటూ, బట్టలు మడతపెడుతూ చెప్పిన ముక్కలన్నీ ఏళ్ల తరబడి విని, ఇప్పుడు కొంత చెప్పగలను.

తీగలో కరెంటు పోతుంటే కొంత వేడిగా మారి వృథా అవుతుంది. కొన్ని పదార్థాలను మనం ఊహించలేనంతగా చల్లబరిస్తే ఆ వృథా పూర్తిగా ఆగిపోతుంది. వాటిని అతివాహకాలు అంటారు. వాటిలో ఎలక్ట్రాన్లు ఒంటరిగా కాక జంటలుగా నడుస్తాయట. నిజానికి ఎలక్ట్రాన్‌కు ఎలక్ట్రాన్ అంటే పడదు. దగ్గరికొస్తే నెట్టేసుకుంటాయి. అలాంటివి జంట కట్టాయంటే వాటిని కలిపేది ఏదో ఉండాలి. మామూలు లోహాల్లో ఆ కలిపేది అణువుల అల్లికలో పుట్టే వణుకు అని పెద్దలు ఎప్పుడో తేల్చారు. ఇనుము ఉన్నవాటిలో మాత్రం ఇంకా తేలలేదు. అయస్కాంత గుణం జంటలను విడగొడుతుందని అందరూ నమ్మేవారు. ఇనుములో ఉన్నదే ఆ గుణం. అయినా అందులో జంటలు నిలుస్తున్నాయి. ఆ గుణంలోని అలజడే వాటిని కలుపుతోందని చాలామంది అంటారు. కాదు, కలిపేది వేరే ఉందని కొందరు.

ఒకసారి మా అమ్మ పోశమ్మకు జ్యోతి ఇదంతా ఓపికగా చెప్పింది.

“సంబంధం కుదిరింది, కాపురం జేస్తున్నయ్. మధ్యల పెద్దమనిషి ఎవడైతే నీకేంది బిడ్డా?” అంది అమ్మ.

“గదే తెల్వాలె అత్తమ్మా.”

“తెలిస్తె ఏమైతది?”

“తెలిస్తె ఇంత చల్లబరచకుండ గూడ కలిపెటియి చేసుకోవచ్చు.”

“అయితె తొందరగ తెలుసుకో. బక్కగైపోతున్నవ్.”

తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇనుము అణువులు కూర్చున్న చోట అక్కడక్కడ అయస్కాంత గుణం లేని పరాయి అణువును కూర్చోబెట్టాలి. జింకు అలాంటిది. అయస్కాంత అలజడి కలిపిన జంటలైతే కొద్దిపాటి జింకుకే చెదిరిపోతాయి. వేరే రకం జంటలైతే జింకును పెద్దగా పట్టించుకోవు. జ్యోతి ఇనుము పొడిలో జింకు పొడి కలిపి, సెలీనియంతో పాటు క్వార్ట్జ్ గాజు గొట్టంలో పోసి, లోపలి గాలి తీసేసి, మూతి కరిగించి మూసి, కొలిమిలో రోజుల తరబడి కాల్చింది. ఒక్కో గొట్టానికి జింకు పెంచుతూ పోయింది. మధ్యలో కరెంటు పోతే కొలిమి చల్లబడేది. గొట్టం పగిలేది. మళ్లీ మొదటి నుంచి తూచడం, కలపడం, మూయడం. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. సోమవారాలు పాపనాశ శివుడి గుడికి పోయినప్పుడు నేను అడిగేది ఒకటే, ఈ పని ఒక ఒడ్డుకు చేర్చు స్వామీ అని.

చేరింది. గొట్టాల్లో కాలి తయారైన బిళ్లలను హైదరాబాద్ తీసుకెళ్లి చల్లబరిచి కొలిపిస్తే, జింకు ఎంత పెరిగినా జంటలు చెదరలేదు. ఆమె గైడు కాశప్ప సర్ ఎంత సంతోషించారో చెప్పలేను. బసవకళ్యాణ్ మనిషి. రిటైరై చాలా కాలమైంది, ఇప్పుడు బీదర్‌లోనే ఉంటారు. ఇనుములో జంటలను కలిపేది అయస్కాంత గుణం కాదని ఆయన మొదటి నుంచీ అంటూ వచ్చారు, వినేవాళ్లు లేకపోయారు. జ్యోతి కొలతలను ఆయన బెంగళూరు సభలో పెద్దల ముందు చెప్పి వచ్చారు. ఇద్దరి పేర్ల మీద పత్రికలో వ్యాసం పడింది. థీసిస్ టైపు కూడా అయింది. దీపావళి లోపల అప్పగించాలి. గడువు పొడిగింపులన్నీ అయిపోయాయి, ఇది దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. పీహెచ్‌డీ లేనివాళ్లను ఈ ఏడు నుంచి పర్మనెంటులో ఉంచబోమని కాలేజీ వాళ్లు ముందే చెప్పేశారు. అప్పగిస్తే ఉద్యోగం నిలుస్తుంది, ఆమె కాస్త పడుకుంటుంది. మా ఇంట్లో అందరం ఆ దీపావళి కోసమే చూస్తున్నాం.

ఈలోగా దసరా వచ్చింది. డిపోలో బస్సులు కడిగి, బంతిపూల దండలు కట్టి, గుమ్మడికాయ కొట్టి నేను ఇంటికొచ్చేసరికి అమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“కాలేజీకి పోదాం పా. జ్యోతి కొలిమికి పూజ ఎవలు జేస్తరు?”

“అటెండర్లు చేస్తరమ్మా.”

“ఆళ్లు ఊదుబత్తి ముట్టిచ్చి పోతరు. ఇంతకాలం అన్నం పెట్టిన పనిముట్టు. ఇంటోళ్లు బొట్టు పెట్టకుంటె ఎట్ల?”

చిద్రిలోని మా ఇంటి నుంచి ఆటోలో పోయాం. ఆ గదిలోకి అమ్మ రావడం అదే మొదలు. ఇంట్లో గోధుమలు పోసుకునే డబ్బాల కన్నా కొలిమి చిన్నగా ఉందని ఆశ్చర్యపోయింది. జ్యోతి స్విచ్చులు తీసేసి కొలిమికి, తక్కెడకు, పంపుకు కుంకుమ పెట్టింది. అద్దాల బీరువా కింది అరలో ట్రేలో పాత గొట్టాలు అమ్మ కంటపడ్డాయి. ప్రతి బిళ్లకు దాని గొట్టాన్ని థీసిస్ అయ్యేదాకా ఉంచడం వాళ్ల పద్ధతి. ఒక కొస విరగ్గొట్టిన గొట్టాలు, పైన గీకి రాసిన నంబర్లు, లోపల మసి.

“ఇయ్యేంది?”

“పాతయి అత్తమ్మా. పని అయిపోయినయి.”

“పొయ్యిల పడి కాలింది ఇవే గదా! కొలిమికి బొట్టు, వీటికి లేదా? బయటికి తియ్యి.”

“లోపల విషముంటది. చేత్తోని తాకద్దు.”

“తాకకుండ పూజ ఎట్లయితదే?”

చివరికి జ్యోతి రబ్బరు గ్లవుసులు తొడిగింది. గాజుల మీదికి గ్లవుసులు ఎక్కక అమ్మ తిట్టుకుంటుంటే నేను నవ్వాను. “నవ్వు నవ్వు, డాక్టరమ్మ లెక్క లేనా?” అంది. గొట్టాలను ఒక్కొక్కటే తీసి పైన తడిగుడ్డతో తుడిచింది. లోపలి మసి పోదు కదా. వెలుతురుకు పట్టి చూసి, శుభ్రంగా ఉన్నదాన్ని దేవుడి పటం దగ్గర, కొంచెం మసి ఉన్నదాన్ని దాని పక్కన, అలా బల్ల పొడవునా పేర్చుకుంటూ పోయింది. కడుపు నిండా మసి ఉన్నది తలుపు దగ్గర ఆఖరున మిగిలింది.

“గిది మరీ గలీజుగున్నది. దేవునికి దూరం బెట్టిన” అంది.

జ్యోతి హారతి పళ్లెం పట్టుకుని ఒక్కో గొట్టానికి అక్షింతలు వేస్తూ వచ్చింది. సగం దాకా వచ్చి ఆగింది. వంగి నంబరు చూసింది. వెనక్కి పోయి మొదటి దాని నంబరు చూసింది. మళ్లీ ముందుకొచ్చింది. పళ్లెంలో కర్పూరం ఆరిపోతోంది.

“ఏమైంది బిడ్డా? తప్పు పెట్టిన్నా?”

“లేదత్తమ్మా. సరిగ్గ పెట్టిన్రు” అంది జ్యోతి.

ఇంటికొచ్చాక పప్పు వండింది, పిండి కలిపింది, ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం డాబా మీద ఎండిన బట్టలు తీస్తుంటే నేను పక్కన నిలబడ్డాను.

“చెప్పరాదు. పొద్దుగాల్నుంచి చూస్తున్న” అన్నాను.

“ఆ మసి సెలీనియం అనుకున్నా ఇంతకాలం. కాల్చితే కొంచెం గోడకంటుతది, అందరికీ తెలిసిందే. కాని సెలీనియం నేను అన్నిట్ల ఒకటే లెక్కన పోసిన. మసి గూడ ఒకటే తీరుగ ఉండాలె గదా? అత్తమ్మ మసిని బట్టి పేర్చింది. జింకు ఎంత పోసిన్నో అదే వరస వచ్చింది. ఒక్క గొట్టం అటిటు కాలేదు.”

నాకు వెంటనే తట్టలేదు.

“అంటే?”

“జింకు వేడికి తొందరగ ఆవిరైతది. ఆవిరై గొట్టం చల్లటి కొసకు పోయి అంటుకున్నది. బిళ్ల లోపలికి పోలేదు. లోపల పరాయిది లేనే లేదు, ఇగ జంటలు ఎందుకు చెదురుతయి? చెదరలేదు, చెదరలేదు అని గంత పెద్ద వ్యాసం రాసుకున్నం.”

“కొంతన్నా పోయి ఉంటదేమో.”

“పోయి ఉండొచ్చు. తెల్వదు. తెల్వకుండ రాసిన.” ఆమె బట్టల మూట నా చేతుల్లో పెట్టి పిట్టగోడ మీద కూర్చుంది. “లోపల ఏమున్నదో చూసే మిషన్ అప్పుడు రిపేర్ల ఉండె. ఎంత తూచి వేసినవో గదే రాయి, అందరూ గట్లనే రాస్తరు అన్నరు సర్. నేను గూడ సరే అన్న. అలిసిపోయిన అప్పటికే.”

వేసింది వేరు, చేరింది వేరు. ప్రతి సోమవారం లింగం మీద చెంబుతో నీళ్లు పోస్తాను. అవి పానవట్టం మీదుగా జారి బయటికే పోతాయి. పోసినంతా చేరిందనే నమ్మకంతో లేచి వచ్చేస్తాను. ఏనాడూ సందేహం రాలేదు. ఆ సాయంత్రం మొదటిసారి వచ్చింది. చెంపలు వేసుకుని ఊరుకున్నాను.

దసరానాడు బన్ని ఆకు, అంటే జమ్మి ఆకు, తీసుకుని పెద్దల ఇళ్లకు పోవడం ఇక్కడి ఆనవాయితీ. బంగారమని చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. ఆ పూట పాత పగలు ఎత్తకూడదు, చెడ్డ మాట ఆడకూడదు. జ్యోతి వేరే రోజు పోదామంటుందేమోనని చూశాను. “రేపటికి నాకు ధైర్యం ఉండది” అని బయల్దేరింది.

కాశప్ప సర్ వరండాలో ఒంటరిగా కుర్చీలో ఉన్నారు. ఆకు తీసుకుని కళ్లకద్దుకున్నారు. “రావమ్మా భాగ్యమ్మా, రా శ్రీశైలప్పా. టైపు కాపీలు బైండింగుకు ఇచ్చినవా?”

“లేదు సర్. ఒకటి చెప్పాలె.”

ఆమె నిలబడే చెప్పింది. ఆయన మొదట నవ్వుతూ విన్నారు, తర్వాత నవ్వు లేకుండా విన్నారు.

“ఎవరు గుర్తుపట్టిన్రు దీన్ని?”

“మా అత్తమ్మ పేర్చింది సర్.”

“మీ అత్తమ్మ ఏం చదివింది?”

“ఏం చదవలేదు సర్. శుభ్రం ఎక్కువ.”

ఆయన కాసేపు చేతిలో ఆకును తిప్పుతూ ఉన్నారు. “మనం ఏం రాసినం? వేసినంత అని రాసినం. వేసినమా లేదా?”

“వేసినం సర్.”

“మరి అబద్ధం ఏడున్నది?”

“చదివెటోళ్లు లోపల గంత ఉన్నదనుకుంటరు.”

“అనుకునేది వాళ్ల తప్పు.” గొంతు పెంచినట్టే పెంచి దించేశారు. “నేను పెద్ద పెద్దోళ్ల ముందల చెప్పినమ్మా. నలభై ఏండ్లకు ఒక్కసారి నా మాట విన్నరు. నీకేమో గడువు దగ్గర పడ్డది. పండుగ పూట ఇదేనా నువ్వు తెచ్చిన బంగారం?”

  ఆకును కుర్చీ చేతి మీద పెట్టి ఆయనే మళ్లీ అన్నారు, “ఒక బిళ్ల నడిమికి ఇరగ్గొట్టి చూపియ్యి. బయటి పొర కాదు, నడుమ. హైదరాబాద్ మిషన్ ఇప్పుడు నడుస్తాంది గదా. చూడకుండ ఏడ్చుడెందుకు?”

సెలవు పెట్టి నేనూ ఆమె వెంట పోయాను. పండగ తిరుగు ప్రయాణాల రద్దీ, బస్సులో నిలబడే చోటు లేదు. కంట్రోలర్ భార్య అని కండక్టర్ ఆమెకు ముందు సీటు ఇప్పించాడు. బిళ్ల ముక్కలున్న చిన్న డబ్బీ ఆమె ఒళ్లో ఉంది. జహీరాబాద్ దాటేదాకా నేను పైకడ్డీ పట్టుకుని లోపల్లోపల ఒకటే జపం చేశాను, జింకు ఉండనీ స్వామీ, కొంచెమైనా ఉండనీ అని. తర్వాత ఏదో గుర్తుకొచ్చి ఆపేశాను. ఆ ముక్కలు కాలి ఎన్నేళ్లయిందో. అందులో ఉన్నదేదో అప్పుడే ఉంది, లేనిది అప్పుడే లేదు. ఇప్పుడు నేను అడుగుతున్నది ఏమిటి? అయిపోయినదాన్ని నా కోసం మార్చమనా? దేవుడికి అది చేతకాదని కాదు. అడగడం మర్యాద కాదనిపించింది. ఆపాక ఇంకా దిగులైంది. చేసే పని ఏమీ మిగల్లేదు.

మిషన్ దగ్గర దీనా అనే అమ్మాయి ఉంది. జ్యోతికి బాగా తెలిసిన అమ్మాయి. నాతో చెప్పులు విప్పించి మూలన స్టూలు మీద కూర్చోబెట్టింది. తెర మీద గీతలు కొండల్లా లేచాయి. “ఇది ఐరన్, అన్నా. ఇది సెలీనియం” అని నాకోసం చూపించింది. ఇంకో చోటికి జరిపి అక్కడ వేలు పెట్టింది. అక్కడ నేల చదునుగా ఉంది.

“జింక్ ఉంటే ఇక్కడ లేవాలక్కా.”

“ఇంకో ముక్క చూడు” అంది జ్యోతి.

చూసింది. ఎక్కువ జింకు వేసిన బిళ్ల ముక్క కూడా చూసింది. నడుమ, అంచు, మళ్లీ నడుమ. కొండ లేవలేదు. దీనా ఇంక వేరే చోటు వెతకబోతుంటే జ్యోతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“చాలు. నీకు గూడ ఆకలైతుండొచ్చు.”

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. సదాశివపేట వచ్చింది. నేనే ఉండబట్టలేక అన్నాను.

“జ్యోతీ, ఒక మాట అంట, తప్పు పట్టుకోకు. సర్ అన్నట్టు వేసినంత అనే ఉన్నది గదా పుస్తకంల. ఇచ్చెయ్యరాదు? ఇచ్చి పండుకో. తర్వాత నిమ్మళంగ సరిచేసుకోవచ్చు.”

“నేను గూడ గదే అనుకున్న, పొద్దుగాల దాక.”

“మరి?”

“చూడకముందు ఇస్తే ఎర్క లేక ఇచ్చినట్టు. ఇప్పుడు ఇస్తే ఏమంటరు?” కిటికీ వైపు తిరిగింది. “నాకు గూడ పండుకోవాలనే ఉన్నదండీ. మీరనుకునే దానికంటె ఎక్కువ.”

 ఎర్రమట్టి నేలలు మొదలయ్యాయి, బీదర్ వచ్చింది.

ప్లాట్‌ఫారం బెంచీ మీద కాశప్ప సర్ కూర్చుని ఉన్నారు. ధోవతి మీద స్వెటర్, ఒళ్లో చేతిసంచి. ఏ బస్సుకు వస్తామో తెలియక మధ్యాహ్నం నుంచే ఉన్నారని చాయ్ బండి అతను తర్వాత చెప్పాడు. మమ్మల్ని చూసి లేవబోయి మోకాళ్ల వల్ల ఆగిపోయారు.

“లేదా?” అన్నారు.

“లేదు సర్.”

“కొంచెం గూడ?”

“ఉన్నదని చెప్పెటంత లేదు.”

ఆయన తలూపారు. సంచిలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరులో ఉన్న థీసిస్ అప్పగింత కాగితాలు తీశారు. “గైడు సంతకాలు చేసి తెచ్చిన. నువ్వు ఉన్నదంటే ఇద్దామని.”

“లేదన్న గదా సర్.”

“లేదన్నా ఇద్దామనే తెచ్చిన. నీ నౌకరి సంగతి ఆలోచించిన.”

జ్యోతి కవరు వైపు చూసింది. చెయ్యి కొంచెం కదిలింది కూడా, నేను చూశాను. ఒక్క క్షణం తీసుకుంటుందనే అనుకున్నాను. తీసుకోవాలనే కోరుకున్నాను, ఎందుకు దాచాలి. ఆమె వంగి ఆయన కాళ్లకు మొక్కింది.

“వద్దు సర్.”

“రిజిస్ట్రేషన్ పోతది.”

“పోనియ్యండి.”

“మల్ల రాయించుకుంటె నేను గైడుగ ఉండను. నా వయసుకు ఇయ్యరు.”

“తెలుసు సర్.”

కాగితాలు సంచిలో పెట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. చైను పడలేదు. జ్యోతి కూర్చుని చైను సరిచేసింది. ఆ చైను వైపే చూస్తూ ఆయన అన్నారు, “పత్రికోళ్లకు నేను రాస్త. వ్యాసం వాపస్ తీసుకుంటున్నమని. మెచ్చుకున్నప్పుడు నీ పేరు ముందున్నది. ఈసారి నాది ముందర ఉండని.”

“ఇద్దరం రాద్దాం సర్.”

“మాట వినవు గదా నువ్వు” అన్నారు ఆయన. కోపంగా మాత్రం అనలేదు.

 ముగ్గురం ఇంకా ఆ బెంచీ దగ్గరే ఉన్నాం. భాల్కీ బస్సు డ్రైవరు నవనాథ్ కిటికీలోంచి “కంట్రోలర్ సాబ్, బండి తియ్యాల్నా?” అని అరిచాడు. “నేను రజాల ఉన్న, డ్యూటీల లేను, ఆయన్ని అడుగు” అని బూత్ వైపు చూపించాను. తర్వాత కాశప్ప సర్‌ను ఆటో ఎక్కించాను. ఆటో తిరిగి రోడ్డెక్కేదాకా ఆయన సంచిని రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. మా ముఖాలు చూసి చప్పుడు ఆపింది.

“ఏమన్నరు?”

“ఇంతకాలం చేసింది బేకార్ అయింది అత్తమ్మా.”

“అంత బేకారా?”

“ఇట్ల కాలిస్తె జింకు లోపలికి పోదని తెలిసింది. గంతే.”

“గంతదానికి గిన్నేండ్లా!” అంది అమ్మ, నిజంగానే విస్తుపోయి.

“గంతదానికే.”

“కలిపెటోడు ఎవడో తెల్వదా మరి?”

“తెల్వది. ఇంకెవరన్న చూడాలె. కాదంటే నేనే మల్ల ఇంకో తీరుగ చూడాలె. రేపు పొద్దుగాల ప్రిన్సిపాల్‌కు చెప్పి వస్త. ఫస్టియర్ క్లాసున్నది, అది చెప్పినంక.”

అమ్మ పెనం మీది రొట్టె తీసి ఆమె ముందు పెట్టింది. జ్యోతి చెయ్యి కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. రొట్టె తుంచి పప్పులో అద్దింది. రెండు ముద్దలు తిన్నాక నమలడం ఆగిపోయింది. తల మెల్లగా భుజం మీదికి వాలింది. ఇంకా వీధిలో వెలుగు పోలేదు, పిల్లలు ఆడుకుంటున్నారు. అమ్మ లేపబోతే వద్దని సైగ చేశాను. పళ్లెం పక్కకు జరిపి, తడిగుడ్డ తెచ్చి, ఆమె వేళ్లకంటిన పప్పు తుడవడానికి కూర్చున్నాను.